రెండో నాజిల్ కింద మొదటి సీసా

సుగంధి పాకం వేళ్ళకు అతుక్కోవాలి. ఆ ఉదయం అది నా వేళ్ళ మధ్య సబ్బునీళ్ళలా జారింది.

హిందూపురం బయట పారిశ్రామికవాడలో మాది చిన్న యూనిట్. ఎండలు ముదరకముందు సుగంధి షర్బత్తు పాకం నింపుతాం. మిగతా కాలమంతా అల్లం వెల్లుల్లి ముద్ద, చింతపండు గుజ్జు. నింపే మిషను మీద నేను ఆపరేటర్‌ని. ఆ పనిలో ప్రార్థనకు చాలా చోటుంటుంది. పిస్టన్ వెనక్కి పోతూ పైనున్న గరాటులాంటి హాపర్‌లోంచి సరుకును సిలిండర్‌లోకి లాక్కుంటుంది, ముందుకొస్తూ నాజిల్ గుండా సీసాలోకి తోస్తుంది. లాగడం, తోయడం. కాసేపటికి నా ఊపిరి కూడా ఆ వరసలో పడుతుంది. ఆ ఊపిరి మీదనే ప్రభువు నామం తలచుకుంటూ షిఫ్టు గడిపేస్తాను. పక్కనున్నవాళ్ళు నేను సీసాలు లెక్కపెట్టుకుంటున్నానని అనుకుంటారు.

పోయడమే కదా, దానికింత మిషను ఎందుకని బయటివాళ్ళు అడుగుతారు. నీళ్ళయితే తమ బరువుకు తామే పడతాయి. పాకం సోమరిది, దాన్ని తోయాలి. ముద్ద మొండిది, హాపర్‌లో దాన్ని కలియబెట్టే చెయ్యొకటి తిరుగుతూ ఉండాలి. లేకపోతే నడిమధ్యలో గుంత పడి, డబ్బాలోకి ముద్దకు బదులు గాలి దిగుతుంది. పాకాన్ని పైనుంచి పోస్తే నురగ కడుతుంది, అందుకని నాజిల్ సీసా అడుగుదాకా దిగి, పాకం లేచేకొద్దీ తానూ పైకి లేస్తుంది. ఆఖరి చుక్క సీసా మూతి మీద పడకుండా వెనక్కి పీల్చుకుంటుంది. ఆ చుక్క ఎక్కడ పడుతుందో చూస్తే చాలు, మిషను మంచిదో కాదో తెలిసిపోతుంది.

మా పనిలో అందరికీ తెలిసిన నియమం ఒకటుంది. మిషను కడిగిన తర్వాత మొదట వచ్చే సీసాలు అమ్మకానికి పనికిరావు. వాటిలో గాలి ఉంటుంది, కడిగిన నీళ్ళుంటాయి, కొలత కుదిరి ఉండదు. వాటిని బకెట్లో వంచేస్తాం.

మా సంఘంలో ఇంకో నియమం ఉంది. మొదటిది దేవునిది. పొలంలో కోసిన మొదటి పన, ఈనిన మొదటి పిల్ల, మొదటి నెల జీతంలో భాగం, ఏదైనా సరే, మనం ముట్టకముందే ఆయన ముందు పెట్టాలి. ఆ ఉదయానికి ముందు ఆదివారమే సంఘంలో పిల్లలకు, పెద్దలకు కలిపి ఈ పాఠం నేనే చెప్పాను. లేఖనం తెరిచి, చిన్నప్పటినుంచి నాయన దగ్గర విన్నదంతా చెప్పాను. మా వదిన ముందు వరసలో కూచుని విన్నది.

వదిన అంటే మా అన్న భార్య. అన్న పోయాక ఆమె మా ఇంట్లోనే, పెనుకొండలో, అమ్మా నాయనలతో ఉంటోంది. ఆ ఏడాదే మా యూనిట్‌లో సీసాలకు మూతలు బిగించే పనిలో చేరింది. ఇద్దరం ఒకే బస్సులో వచ్చిపోయేవాళ్ళం.

ఇక నాయన. ధర్మవరంలోని మా సంఘంలో ఆయన పెద్ద. కోతల పండుగ వస్తే ముందురోజు సాయంత్రమే అక్కడికి పోయి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా మందిరంలో కూచుంటాడు. పండుగ నాడు ఆరాధన ముగిశాక, ప్రథమ ఫలాల్లోంచి ఒక గ్లాసు ఏదైనా తాగి ఉపవాసం విడుస్తాడు. కొన్నేళ్ళు మజ్జిగ, కొన్నేళ్ళు చెరుకు రసం. ఎండిన గొంతుతో ఉంటాడు కదా, గ్లాసెత్తితే దించడు, ఒక్క గుక్కలో ఖాళీ చేస్తాడు. కడుపులో పుండుందని, ఉపవాసాలు మానమని పుట్టపర్తి ఆసుపత్రిలో డాక్టర్లు చెప్పారు. "వాళ్ళు కడుపు చూసినారు, నన్ను చూళ్ళేదు" అని నవ్వి ఊరుకున్నాడు.

కోతల పండుగ రోజే మా యూనిట్‌లో కొత్త మిషను మొదలుపెట్టారు. బెంగళూరు నుంచి వచ్చింది, రెండు నాజిళ్ళది. దాన్ని బిగించడానికి అక్కడినుంచే వచ్చిన కన్నడ మెకానిక్కు ముందురోజే కాస్టిక్ సోడా నీళ్ళతో లోపలంతా కడిగి, తర్వాత మంచినీళ్ళతో జాడించాడు. కొత్త మిషను లోపల తుప్పు పట్టకుండా జిడ్డు పూసి పంపుతారు. అది వదలాలంటే కాస్టిక్ మామూలుకంటే గట్టిగా కలపాలి. ఆ సమయానికి నేను పాత మిషను మీద ఉన్నాను.

పొద్దున ఓనరు వచ్చి మిషనుకు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోసి, టెంకాయ కొట్టాడు. ఆయనది ఊళ్ళో తరతరాల సేద్యపు కుటుంబం, మడకశిర వైపు పొలాలున్నాయి. నేను పక్కన తల వంచుకుని నిలబడటం చూసి, "నీ దేవునికి కూడా గట్టిగా చెప్పప్పా, మిషను శానా రేటు" అన్నాడు.

"చెప్తాండా అన్నా" అన్నాను. నిజంగానే చెబుతున్నాను.

బటన్ నొక్కితే రెండు సీసాలు బెల్టు మీద వచ్చి నాజిళ్ళ కింద ఆగాయి. నాజిళ్ళు దిగాయి, తేనెరంగు పాకం మెల్లగా లేచింది, రెండూ ఒకేసారి పైకి వచ్చాయి. ఒక్క చుక్క పడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఓనరు ఒక సీసాను ఆఫీసులో దేవుని పటం ముందు పెట్టించాడు. రెండోదాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే వదిన ముందుకు వచ్చింది.

"అన్నా, అది నాకిస్తారా? ఈ పొద్దు మా గుళ్ళో పండగ. మొదటిది ఆడ పెట్టాల."

"ఒకటి మా దేవునికి, ఒకటి మీ దేవునికి. ఇద్దరూ కొట్లాడుకోరు గదా?" అని నవ్వి ఆమె చేతిలో పెట్టాడు. వదిన మూత బిగించి, సీసాను కొంగుతో తుడిచి, సగం పూట సెలవడిగి వెళ్ళిపోయింది. ఇంటికి పోయి చీర మార్చుకుని ధర్మవరం పోతానని నాతో చెప్పింది. "మామకు ఈసారి మన మిషను షర్బత్తు" అంది. ఆ మాటకు నాకు సంతోషమైంది. ఆరోజు లైను వదిలి రావడానికి నాకు వీల్లేదు, నా బదులు ఆమె చేతి కానుక పోతోందనుకున్నాను. కడిగాక వచ్చే మొదటి సీసా బకెట్లోకి పోవాలన్న సంగతి ఆ సంబరంలో గుర్తే రాలేదు.

తర్వాత మిషను ఆపి, పూజకు పెట్టినవన్నీ తీసి, ప్రసాదాలు పంచి, టిఫిన్లు కానిచ్చేసరికి రెండు గంటలకు పైనే పట్టింది. పూర్తి పని మొదలుపెట్టే ముందు మిషను ఆగాక రెండో నాజిల్ నుంచి కారిన తడి కిందున్న రేకు మీద కనిపిస్తే వేలితో తుడిచాను. వేలు జారింది. బొటనవేలితో రుద్దాను, ఇంకా జారింది. చక్కెర పాకం అట్లా జారదు. కడిగిన కాస్టిక్ మిగిలిందేమో చూసే పీహెచ్ కాగితం ముక్క తెచ్చి ఆ తడిలో ముంచాను. ఆకుపచ్చ దాటి, నీలం దాటి, నల్లటి నీలంగా మారింది.

మెకానిక్కును పిలిచాను. "నిన్న జాడించేటప్పుడు బకెట్టు యాడ పెట్టినావప్పా?"

"ఒందే, ఒకటే బకెట్టు ఉండె. ఒకటో నాజిల్ కింద."

"రెండోదాని కింద?"

"ఏం పెట్టలేదు. ఎందుకు?"

పాత మిషనుకు ఆ ప్రశ్నే రాదు. బటన్ నొక్కితే కింద సీసా ఉన్నా లేకపోయినా అన్ని నాజిళ్ళూ పోస్తాయి. కొత్తదానికి ఒక్కో నాజిల్ దగ్గర ఒక్కో సెన్సరు కన్ను ఉంది. కింద సీసా కనపడకపోతే ఆ నాజిల్ తెరుచుకోదు, సరుకు నేలపాలు కాదు. ఒకటో కన్నుకు బకెట్టు కనపడింది, దాని గుండా మంచినీళ్ళన్నీ పారాయి. రెండో కన్నుకు ఏమీ కనపడలేదు. దాని గొట్టంలోకి దిగిన గట్టి కాస్టిక్ బయటికి పోయే దారి లేక రాత్రంతా అట్లాగే నిలిచి, పొద్దున మొదటి సీసాలోకి దిగింది. నాజిల్ సీసా అడుగునుంచి పోస్తుంది కాబట్టి పాకంలో బాగా కలిసిపోయింది కూడా.

మెకానిక్కు మొహం పాలిపోయింది. నేను ఆఫీసులోకి పరుగెత్తి, పటం ముందున్న సీసా మూత తీసి కాగితం ముంచాను. రంగు మారలేదు. అది ఒకటో నాజిల్‌ది.

అయితే వదిన తీసుకెళ్ళింది రెండోది.

ఓనరుకు నేను సగం చెప్పేలోపే అర్థమైంది. "మిషను ఆపండి. ఒక్క చుక్క కూడా బయటికి పోగూడదు" అని అరిచి, "ఆయమ్మకు ఫోన్ చేయప్పా, చూస్తావేమి!" అని నన్ను గేటు వైపు తోశాడు.

చేశాను. నేను నా ఫోను తీసుకున్న ట్రేలోనే రింగు వినిపించింది. మా యూనిట్‌లో ఫోన్లు లోపలికి తేకూడదు, గేటు దగ్గర ట్రేలో పెట్టి రావాలి. సెలవు దొరికిన తొందరలో వదిన తన ఫోను అక్కడే మరిచిపోయింది. వాచ్‌మన్ దాన్ని పైకెత్తి, "ఎవురిదో మోగుతాండాది" అని నాకే చూపించాడు.

పాస్టరు గారికి చేశాను. స్విచ్ ఆఫ్. ఆరాధన మొదలయ్యే ముందు మా సంఘంలో అందరూ ఫోన్లు ఆపేస్తారు. ఆ క్రమశిక్షణ తెచ్చింది నాయనే. ఆయన దగ్గర, అమ్మ దగ్గర ఫోనే లేదు.

ఓనరు తన బండి తాళాలు నా చేతిలో కుక్కాడు. "పో. నేను ఈడ నుంచి చేస్తానే ఉంటా. పో నువ్వు."

సోమందేపల్లి దాటేవరకు నాకు ఏ ఆలోచనా లేదు, రోడ్డు తప్ప. తర్వాత భయం మొదలైంది. ఆ సీసాలో ఎంత కాస్టిక్ ఉందో నాకు తెలియదు. గ్లాసుడు నీళ్ళలో కలిపితే ఎంత పలచబడుతుందో తెలియదు. కాస్టిక్ చుక్క చేతి మీద పడితే తోలు ఎట్లా ఊడుతుందో మాత్రం తెలుసు. ఎండిన గొంతు, పుండున్న కడుపు, ఒక్క గుక్క.

వదిన రుచి చూస్తే తెలిసిపోతుంది కదా అని ధైర్యం తెచ్చుకున్నాను. ఆ ధైర్యం పెనుకొండదాకా నిలిచింది.

మా ఇల్లు కొండకింది వీధిలో. అమ్మ మోకాళ్ళ నొప్పులతో పండుగకు పోలేక గడప దగ్గర కూచుని చెనిక్కాయలు ఒలుస్తోంది.

"వదిన వచ్చినాదా?"

"వచ్చె, పోయె. నువ్వేమిరా ఈ యాలప్పుడు? ఆ బండి ఎవురిది?"

"సీసా తెచ్చింది గదా, ఎవురన్నా తాగినారా? నువ్వు తాగినావా?"

అమ్మ నవ్వింది. "నాకేడ అంత అదృష్టం! వాసన బాగుండాదే, ఒక చుక్క నాలిక్కి తగిలిస్తానే అంటే నా చేతి మీద కొట్టింది. దేవునికి పెట్టకముందే ఎంగిలి చేస్తావా అత్తా అని. ఆదివారం నువ్వు చెప్పిన పాఠమంతా మళ్ళా నాకు చెప్పింది."

అమ్మకు తప్పింది. కానీ దాంతోపాటే నా ధైర్యం కూడా పోయింది. వదిన రుచి చూడదు. పాస్టరు గారు చూడరు. నాయన తాగకముందు ఎవరూ చూడరు. దేవునికి పెట్టేదాన్ని నాలుకకు తగిలించని ఇంట్లో పెరిగినవాళ్ళం మేమందరం. ఆఫీసులో పటం ముందు పెట్టిన సీసాను కూడా నేను కాగితం ముంచేదాకా ఎవరూ ముట్టలేదు. ఈ ఒక్క విషయంలో ఓనరుది, మాది ఒకే పద్ధతి.

"ఏమైందిరా? మొహం అట్ల పెట్టినావు?"

"ఏం లేదు మా. ప్రార్థన చెయ్యి. నాయన కోసం చెయ్యి."

"ఏంటికిరా?" అని అమ్మ వెనకనుంచి పిలుస్తూనే ఉంది. నేను బండి తిప్పేశాను.

హైవే మీద బండి ఎంత పోగలదో అంతా పోనిచ్చాను. గాలికి కళ్ళనీళ్ళు చెవుల్లోకి పారుతున్నాయి. ప్రార్థించాను. మామూలుగా నా ప్రార్థనకు ఒక వరుస ఉంటుంది, స్తుతి, ఒప్పుకోలు, తర్వాత విన్నపం. ఆరోజు వరుస ఏదీ లేదు. మా పాస్టరు గారి ముగింపు ప్రార్థన చాలా పొడవుంటుందని సంఘంలో అందరం చాటుగా జోకులు వేస్తాం. అన్నం చల్లారిపోతుందని ఆడవాళ్ళు గొణుగుతారు. ప్రభువా, ఈ ఒక్కరోజు ఆయన ప్రార్థన ఇంకా పొడిగించు, ఊరూరికీ పేరుపేరునా ప్రార్థించేలా చెయ్యి అని అడిగాను. ఏ భక్తుడూ ఆ విన్నపం చేసి ఉండడు.

అడగలేని మాట ఇంకోటి లోపల తిరుగుతోంది. మొదటిది నీకే ఇచ్చాం కదా, అందులో ఇది ఎట్లా వచ్చింది? హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. దేవుడే చూసుకుంటాడులే అని బండి ఆపడం విశ్వాసం కాదని మాత్రం నాకు స్పష్టంగా తెలుసు. ఆయన నన్ను ఆ తడి మీద వేలు పెట్టనిచ్చాడు. తర్వాతది పరుగెత్తడమే.

హైవే వదిలి ధర్మవరం రోడ్డెక్కాక గొర్రెల మంద అడ్డం పడింది. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా గొర్రెలే. హారన్ కొడితే అవి ఇంకా దగ్గరికి ముడుచుకుంటున్నాయి. ముందు నడుస్తున్న కాపరి వెనక్కి తిరిగి చూసి కూడా తొందరపడలేదు.

"దావ ఇయ్యప్పా, ప్రాణం మీద ఉండాది!"

"అందురూ అదే అంటారు. వాటికి చెప్పు, వింటే పో" అన్నాడు. నేను బండి దిగి, చేతులు జోడించి, "మా నాయన" అన్నాను. ఆయన నా మొహం చూసి, ఏమీ అడగకుండా ముందరి పొట్టేలును కొమ్ముపట్టి రోడ్డు దింపాడు. మంద దాని వెంట పోయింది. దారి ఇచ్చి, "బిరబిరా పో నాయనా" అన్నాడు.

మా మందిరం మగ్గాల వీధులు దాటాక, ఊరి అంచున ఉంటుంది. రేకుల కప్పు, తెల్ల సున్నం గోడలు. బండి స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించి లోపలికి పోయాను.

పాస్టరు గారు ఇంకా ప్రార్థిస్తున్నారు. అనారోగ్యంతో ఉన్నవాళ్ళను దాటి, ప్రయాణంలో ఉన్నవాళ్ళ దగ్గరికి వచ్చారు. ప్రయాణంలో ఉన్నవాడిని నేను గడపలో నిలబడి ఉన్నాను. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. మందిరం నిండా మనుషులు, చాపల మీద మోకాళ్ళు ఆనించి ఉన్నారు. బలిపీఠం ముందు చెనిక్కాయల బస్తాలు, గుమ్మడికాయలు, రాగులు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, అరటి గెలలు. వాటి పక్కన నాయన. ఆయన ముందు, తెల్ల గుడ్డ మీద, స్టీలు గ్లాసు. నిండా తేనెరంగు నీళ్ళు. సీసా పక్కనే ఉంది, పాకం కొంచెమే తగ్గింది. ఆ ఒక్క గ్లాసుకే కలిపారని అర్థమైంది.

మనుషుల మధ్య కాలు పెట్టే చోటు లేదు. అరిచి ప్రార్థన ఆపడానికి నాకు నోరు రాలేదు. అట్లా పెంచారు మమ్మల్ని. భుజాలు పట్టుకుని, "కొంచెం, కొంచెం" అని గుసగుసలాడుతూ ఒక్కో అడుగే వేశాను. ఎవరో కళ్ళు తెరవకుండానే నా కాలు తోశారు. సగం దూరం పోయేసరికి పాస్టరు గారి గొంతు దిగింది. ఆ దిగడం నాకు తెలుసు. ఆమెన్ వస్తోంది.

"ఆమెన్" అన్నారు అందరూ.

నాయన కళ్ళు తెరవలేదు. చెయ్యి చాచి గ్లాసు అందుకున్నాడు, పెదవుల దగ్గరికి ఎత్తాడు.

"నాయనా, తాగద్దు!"

ఇంకెవరి కాలు తొక్కానో తెలియదు. ఆయన మణికట్టు పట్టుకున్నాను. కొంత షర్బత్తు ఆయన చొక్కా మీద, కొంత తెల్ల గుడ్డ మీద ఒలికింది. మిగతాది గ్లాసులోనే ఉంది. పెదవులకు తగల్లేదు. తగల్లేదని ఆయన మొహం దగ్గరికి వంగి చూసి నిర్ధారించుకున్నాను.

అందరి కళ్ళూ తెరుచుకున్నాయి.

"ఏమిరా ఇది?" నాయన గొంతు చాలా తగ్గించి అన్నాడు. "దేవుని ముందర పెట్టినదాని మీద చెయ్యి వేస్తావా?"

"అందులో కాస్టిక్ కలిసినాది నాయనా. మిషను కడిగే మందు. గొంతు కాలిపోతాది."

ఆయన నన్ను చూశాడు. తర్వాత వదినను చూశాడు. ఆమె ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కొత్త చీరలో నిలబడి ఉంది, చేతులు ఇంకా ప్రార్థనలో జోడించినట్టే ఉన్నాయి.

"అనుమానమా, తెలిసే చెప్తాండావా?" అని అడిగాడు నాయన. ఆ ప్రశ్న ఎందుకో నాకు అర్థమైంది. ఒక మనిషి తెచ్చిన కానుకను సంఘం ముందర కాదంటున్నాను. ఊరికే అనకూడదు.

పీహెచ్ కాగితాలు తేలేదు. చుట్టూ చూశాను. కానుకల్లో ఎవరో కొత్త పసుపు దంచి పొట్లం కట్టి పెట్టారు. చిటికెడు తీసి ఆ తెల్ల గుడ్డ మీద, షర్బత్తు ఒలికిన చోట వేశాను. పసుపు తడిసింది, చూస్తుండగానే ఎర్రబడింది.

"సున్నం కలిపినట్ల అయినాదే!" అంది వెనకనుంచి ఒక అవ్వ. ఇంకో అవ్వ ఆమెను దాటుకుని వచ్చి, గుడ్డ చూసి, నా వైపు తిరిగింది. "మిషను నీది, సీసా నువ్వు నింపింది. అందురి ముందర తల దించుకోని నిలబడేది మాత్రం ఆ పిల్లనా?"

నిన్న కడిగింది నేను కాదని చెప్పొచ్చు, ఎవరు ఎట్లా కడిగారో చెప్పొచ్చు. కానీ వదిన అప్పటికే ఏడుస్తోంది, చప్పుడు లేకుండా, కొంగు నోట్లో కుక్కుకుని. తన కానుకను దేవుడు తోసేశాడని అనుకుంటోందని ఆమె మొహం చూస్తే తెలుస్తోంది. అట్లాంటి కానుకల కథలు లేఖనంలో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఒక్క బొట్టు నాలిక్కి తగిలిచ్చుకోని ఉంటే సరిపోయేది గదా మామా" అంది. "ఎంగిలవుతాదని తగిలిచ్చుకోలే."

నాయన గ్లాసు కింద పెట్టాడు. పాస్టరు గారు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు తగిలిచ్చుకోని ఉంటే నీ నాలిక కాలిండేది" అన్నాడు. "నీకు ఇష్టమైంది తెచ్చినావు. మొదటిది తెచ్చినావు. అంతవరకు నీ లెక్క. సీసాలోకి ఏం దిగిందో అది మిషనోళ్ళ లెక్క. దేవుడు రెండిటినీ కలపడు." నా వైపు చూడకుండానే అన్నాడు. నాకు తగలాల్సిన చోటే తగిలింది. "ఏడ్చింది చాలమ్మా. గొంతు ఎండిపోయి ఉండాది నాకు. ఆ గ్లాసు కడిగి నీళ్ళు తీస్కరా."

వదిన గ్లాసు పట్టుకుని బయట కొళాయి దగ్గరికి పోయింది. సీసా తీసుకుని నేనూ వెంట పోయాను. సీసాను ఆమె కళ్ళముందు వంచడం ఇష్టం లేక, మూత గట్టిగా బిగించి బండి పెట్టెలో పెట్టాను. వదిన గ్లాసు లోపలంతా వేళ్ళతో రుద్దుతోంది. నీళ్ళు వదులుతోంది, రుద్దుతోంది, వేళ్ళు ఒకదానికొకటి రాసి చూస్తోంది. ఇంకా జారుతోందేమోనని మళ్ళీ కడుగుతోంది.

"చాలు వదినా" అన్నాను.

"నీకేం తెలుసప్పా" అంది, తల ఎత్తకుండా. నా వేలు పట్టుకుని గ్లాసు లోపల పెట్టించింది. వేలు గరగరమంది, జారలేదు. అప్పుడు ఒప్పుకుంది.

లోపలికి వచ్చి కుండలోంచి గ్లాసు నిండా నీళ్ళు ముంచింది. అందరూ చూస్తున్నారు. నాయన ముందు నిలబడి, గ్లాసు ఆయనకు ఇవ్వకుండా తన పెదవులకు ఎత్తుకుంది. ఒక గుక్క మింగింది. ఆగింది. గొంతు మీద చెయ్యి వేసుకుని ఇంకాసేపు ఆగింది. మళ్ళీ ఒక గుక్క, ఈసారి పెద్దది.

"అయ్యో, ఎంగిలి చేసె!" అంది ఇందాక సున్నమన్న అవ్వ.

వదిన గ్లాసును రెండు చేతులతో ముందుకు చాచింది. నాయన కూడా రెండు చేతులతో అందుకున్నాడు. కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, కృతజ్ఞత చెల్లించి తాగాడు. ఎప్పటిలా ఒక్క గుక్కలో కాదు, నిదానంగా, మధ్యమధ్యలో ఆగుతూ తాగాడు. ఆ గొంతు పైకీ కిందికీ కదలడాన్ని నేను చివరిదాకా చూస్తూ నిలబడ్డాను.

ఖాళీ గ్లాసును వదినకు తిరిగిస్తూ, "ఏమ్మా, సగం నువ్వే తాగినావు. ఈసారి నిండా పొయ్యి" అన్నాడు.